గుడిగంటకు మూర్ఛ

ఆ ఆదివారం పొద్దున కరీంనగర్‌లో తన ఇంటి వరండాలో చాయ్ తాగుతూ స్టీఫెన్ రోజంతటికీ ఒక పథకం వేసుకున్నాడు. తొమ్మిదిన్నరకు బెల్లంపల్లి చర్చిలో గంట మోగుతుంది. ఆ మోతను ఫోన్లో చెవులారా వింటాడు. తరువాత అవ్వ, అంటే వాళ్లమ్మ, చేసే కోడికూరతో కడుపునిండా తిని సాయంత్రం దాకా పడుకుంటాడు. గురువారం పెళ్లి. ఆ తరువాత ఇట్లాంటి నిద్ర దొరకదని కాలేజీలో పెళ్లయిన లెక్చరర్లందరూ ముందే చెప్పి ఉన్నారు.

స్టీఫెన్ ఒక ఇంజనీరింగు కాలేజీలో మైక్రోప్రాసెసర్లు చెబుతాడు. గోరంత చిప్పులో ఎంత సంసారం ఉంటుందో చెప్పడం మొదలుపెట్టాడంటే బెల్లు కొట్టినా ఆపడు. "చిప్పు బతకాలంటే మూడు సక్కగుండాలె," అంటాడు ప్రతి బ్యాచ్‌తోనూ. "ఒకటి పవర్, అంటే దాని తిండి. రెండు రీసెట్. తిండి తక్కువై కండ్లు తిరిగి పడ్డదనుకోండ్రి, మళ్ల లేసి మొదటికెళ్లి పని షురూ చేస్తది, గదే రీసెట్. మూడు బస్. లోపలున్నోళ్లంత ఒకలతోని ఒకలు మాట్లాడుకునే తీగల బాట. ఒక్కడు ఆ బాటకు అడ్డం పడుకుంటే మిగిలినోళ్లంత నిలవడుడే." పిల్లలు నవ్వుతారు, రాసుకుంటారు, పరీక్షలో మరిచిపోతారు. వాళ్లను అనడానికేముంది, చెప్పిన మనిషే మరిచిపోయాడు.

స్టీఫెన్ పెళ్లి ఒకసారి ఆగిపోయిన పెళ్లి. పెళ్లికూతురు హెప్సిబా బెల్లంపల్లిలో బడిపంతులమ్మ. పోయిన సంవత్సరం పత్రికలు పంచాక, ఇంకో వారముందనగా, ఆమె తాత కన్నుమూశాడు. హెప్సిబా తండ్రి సమ్మయ్య బొగ్గుబాయిలో పనిచేసి రిటైరైన మనిషి. మాటంటే మాటే. "సావైన ఇంట్ల ఏడాది దాక పెండ్లి ముచ్చట లేదు," అన్నాడు, అంతే. ఆ ఏడాది గడిచేసరికి స్టీఫెన్‌కు ముప్ఫై మూడు నిండాయి, ముందు వైపు జుట్టు సెలవు తీసుకోవడం మొదలుపెట్టింది. ఇప్పుడు ఆ ఇంట్లో ఎనభై దాటిన ముసలమ్మ, సమ్మయ్య తల్లి మగ్దలేనమ్మ, ఆయాసంతో మంచంమీద ఉంది. ఆమె బెల్లంపల్లిలో దగ్గితే స్టీఫెన్‌కు కరీంనగర్‌లో గుండె జారేది. రోజూ రెండు పూటలా ఆమె ఆరోగ్యం కనుక్కుంటుంటే, ఎంత మంచి పిల్లగాడోనని సమ్మయ్య ఇంటివాళ్లు మురిసిపోయారు.

ఆ మురిపెం మీదే గంట సంగతి కూడా వచ్చింది. బెల్లంపల్లిలో వాళ్లు వెళ్లే చిన్న మెథడిస్టు చర్చిలో గంట కొట్టే ముసలాయన బిడ్డ దగ్గరుంటానని మంథని వెళ్లిపోయాడు. తాడు లాగేవాళ్లు లేక వెస్లీ పాస్టరు ఇబ్బంది పడుతున్నాడని తెలిసి, "నేను మిషన్ చేసిస్త మామా, దానంతట అదే కొడుతది," అని స్టీఫెన్ మాటిచ్చాడు. శనివారం వెళ్లి గోపురంలో బిగించి వచ్చాడు కూడా. ఒక ఇనుప పెట్టె, దానిలో చిప్పు, టైము చూసి చెప్పే ఇంకో బుల్లి చిప్పు, గంటమీద సుత్తితో కొట్టే మోటారు. కరెంటు పోతే ఆగకుండా బ్యాటరీ. పిల్లలు కెలకకుండా తాళం. ఆ తాళంచెవి స్టీఫెన్ జేబులో. పరీక్షగా కొట్టించి చూపిస్తే వెస్లీ పాస్టరు చప్పట్లు కొట్టాడు. సమ్మయ్య "పర్వలేదు" అన్నాడు. సమ్మయ్య నోట పర్వలేదనే మాట రావడం ఆ ఇంటివాళ్లే ఎరగరు.

ఆ ఊరి చర్చిగంటకు ఒక పద్ధతి ఉంది. ఆరాధనకైతే గబగబా కొడతారు. ఎవరైనా చనిపోతే ఒక్క దెబ్బ కొట్టి, చాలాసేపు ఆగి, మళ్లీ ఒక్క దెబ్బ. ఆ మోత చెవిన పడితే బస్తీలో ఎవరి చేతిలో పని వాళ్లు అక్కడే వదిలేస్తారు. "ఎవలు?" అనుకుంటూ బయటికొస్తారు. ఎవరని విచారించడం కూడా పెద్ద పనేం కాదు. మంచాన ఉన్నదెవరో అందరికీ తెలిసిందే కనక నేరుగా ఆ ఇంటికే నడుస్తారు. అందుకే స్టీఫెన్ పాస్టరుకు ఒక సౌకర్యం కూడా చేసిచ్చాడు. ఫోన్లోంచి మెసేజ్ పెడితే చాలు, యంత్రం తనంతట తానే చావుగంట కొడుతుంది. ఈ సౌకర్యం గురించి స్టీఫెన్ ముందే కాలేజీ స్టాఫ్ రూములో అందరికీ చెప్పుకున్నాడు.

ఆ రోజు ఇంకో విశేషం ఉంది. మెథడిస్టుల్లో పెళ్లికి ముందు వరసగా మూడు ఆదివారాలు పాస్టరు ఆరాధనలో ప్రకటన చదవాలి, ఫలానా వాళ్లకు పెళ్లి, ఎవరికైనా అభ్యంతరముంటే చెప్పండని. రెండు అయిపోయాయి, మూడోది ఆ రోజే. స్టీఫెన్ వెళ్తానంటే వాళ్లవ్వ ఒప్పుకోలేదు. "ప్రకటన చదివేటప్పుడు పెండ్లికొడుకు గాడ కూసోవద్దు. ఎవలన్న లేసి అడ్డం మాట్లాడితే మొకం యాడ వెట్టుకుంటవ్?" అంది. అడ్డం మాట్లాడేవాళ్లు ఎవరూ లేరన్నా వినలేదు.

తొమ్మిదిన్నర దాటాక హెప్సిబాకు ఫోన్ చేశాడు. ఎత్తలేదు. పాటల బృందంలో నిలబడి ఉంటుందిలే అనుకుని సమ్మయ్యకు చేశాడు. సమ్మయ్య బజారులో, మటన్ కొట్టు దగ్గర ఉన్నాడు.

"వందనాలు మామా! గంట ఇనవడుతుందా?"

సమ్మయ్య జవాబు చెప్పకముందే ఫోన్లోంచి గంటే చెప్పింది. ఠంగ్! తరువాత చాలాసేపు ఏమీ లేదు. స్టీఫెన్ ఫోన్ కట్టయిందేమోనని చూసుకున్నాడు. అప్పుడు మళ్లీ, ఠంగ్!

"ఇనవడుతుంది బాబూ," అన్నాడు సమ్మయ్య. ఆ గొంతు నీరుగారిపోయి ఉంది. "ఎవలో పోయిండ్రు. మా అవ్వ ఒక్కతే ఉంది ఇంట్ల. పొద్దుగాల ఆయాసం జర ఎక్కువనే ఉండె..."

ఇంతలో వెనక నుంచి ఎవరిదో కేక. "సమ్మన్నా! గీడ నిలవడ్డవేంది? అందరు మీ ఇంటి దిక్కే ఉరుకుతుండ్రు!"

"అవ్వా!" అని సమ్మయ్య పెట్టిన కేకకు స్టీఫెన్ చేతిలో ఫోన్ అదిరింది. అంతటితో ఫోన్ కట్టయింది.

స్టీఫెన్‌కు తన యంత్రం తప్పు కొడుతుందేమోనన్న అనుమానం రవ్వంత కూడా రాలేదు. వస్తే ఇంత కథ లేదు. పాస్టరు మెసేజ్ పెట్టాడు, యంత్రం చెప్పినట్టు కొట్టింది, అంటే ముసలమ్మ పోయింది. తన సౌకర్యం మొదటిసారి పనిచేసింది కూడా తన పెళ్లిని ఆపడానికేనా అనుకున్నాడు. లోపలికి వెళ్లి, "అవ్వా, మగ్దలేనమ్మ..." అని మాత్రం అనగలిగాడు. వంటింట్లో గరిటె కిందపడింది. అవ్వ గుండెలు బాదుకోవడం మొదలుపెట్టింది.

తరువాత స్టీఫెన్ చేసిన పని పగవాడు కూడా చెయ్యడు. చుట్టాల వాట్సాప్ గ్రూపు తెరిచి, "సమ్మయ్య మామ తల్లి మగ్దలేనమ్మ గారు ఈ ఉదయం ప్రభువునందు నిద్రించారు," అని పెట్టాడు. చేతులు జోడించిన బొమ్మలు వరసగా వచ్చిపడ్డాయి. చుట్టాల్లో ఎవరో దాన్ని బెల్లంపల్లి గ్రూపులోకి తోశారు. అక్కడ అప్పటిదాకా, గంట మోగింది గాని మనిషిని కళ్లతో చూడలేదే అని నసుగుతున్న నలుగురైదుగురు కూడా అది చదివి, "కరీంనగర్ కెళ్లి వార్త వచ్చిందంటే పక్కానే," అని తువాళ్లు భుజాన వేసుకుని బయల్దేరారు.

గంట తిరక్కుండా స్టీఫెన్ ఇంటిముందు రెండు కార్లు నిలబడ్డాయి. మేనమామలు, పిన్నమ్మలు, తెల్లచీరలు, తెల్లచొక్కాలు, దారిలో కొన్న పూలచక్రాలు. గుండ్రంగా చట్రానికి కట్టిన ఆ పూలచక్రాలకు డిక్కీలో చోటు చాలక ఒకటి స్టీఫెన్ ఒళ్లోకి వచ్చింది. వెనకసీట్లో అవ్వకూ మేనమామకూ నడుమ ఇరుక్కుని, ఒళ్లో పూలచక్రంతో కూర్చుని వెళ్తున్నాడు.

"ఇంకో ఏడాది ఆగాలె మరి," అన్నాడు మేనమామ నిట్టూర్చి. "పిల్లగానికి ముప్పై నాలుగు వడతయి."

"నెత్తి మీద ఉన్న నాలుగెంటికలు గూడ ఉండయి," అంది ముందు సీట్లోంచి పిన్నమ్మ.

స్టీఫెన్‌కు ఏడుపొచ్చింది. ముసలమ్మ పోయినందుకు కాకుండా పెళ్లి పోతున్నందుకు వస్తోందని తెలిసి, సిగ్గుతో ఇంకొంచెం వచ్చింది. అది చూసి పిన్నమ్మ, పరాయి ముసలమ్మకు ఇంత ఏడ్చే పిల్లగాడు ఈ కాలంలో ఉంటాడా అని తానూ కళ్లొత్తుకుంది.

పెద్దపల్లి దాటాక హెప్సిబా ఫోన్ చేసింది.

"యాడిదాక వచ్చిండ్రు?" ఏడుస్తూ అడిగింది. "నాయినమ్మ కనవడుతలేదు."

"కనవడుతలేదా? అంటే?"

"మంచంమీద లేదు. ఎవలో దవాఖానకు తీస్కపోయిండ్రన్నరు. దవాఖానల అడిగితే గా పేరుతోని ఎవలు రాలే అంటుండ్రు. బాపు మార్చురీ తాళం తీయుండ్రని గాడ లొల్లి వెడుతుండు. పైకెళ్లి గీ గంటొకటి! ఒకటే తీరు కొట్టుడు. పాస్టరయ్యకు తల పలుగుతుందట. జర ఆపుండ్రి."

"ఆపుమని ఆయన్నే మెసేజ్ పెట్టుమను. కొట్టుమన్నది ఆయనే గద."

"ఆయన కొట్టుమనలే. మీరే కరీంనగర్ కెళ్లి కొట్టిస్తుండ్రని అందరు అనుకుంటుండ్రు."

కారు ఏదో గుంతలో పడి లేచింది. పూలచక్రంలోంచి ఒక చామంతి ఊడి వాడి చొక్కా జేబులో పడింది.

"హెప్సిబా," అన్నాడు నెమ్మదిగా, "కరెంటు ఉందా?"

"లేదు. ఆరాధనకు ముందే పోయింది, ఇంక రాలే. కరెంటు తోని మీకేం పని ఇప్పుడు?"

అప్పుడు తట్టింది స్టీఫెన్‌కు. నెత్తిన పిడుగు పడ్డట్టే అయింది. శనివారం కరెంటు ఉంది కాబట్టి గంట చక్కగా మోగింది. ఇవాళ కరెంటు లేదు, బ్యాటరీ మీద నడుస్తోంది. మోటారు గంటను కొట్టాలంటే ఒక్కసారిగా బలమంతా గుంజుతుంది. మోటారుకో తీగ, చిప్పుకో తీగ వేరువేరుగా వెయ్యాలని వాడే ప్రతి ఏడూ క్లాసులో చెబుతాడు. తన పెట్టెలో మాత్రం, ఎంతలే, చిన్న మోటారే కదా అని రెండింటికీ ఒకటే తీగ వేశాడు. సుత్తి గంటమీద పడ్డప్పుడల్లా చిప్పుకు తిండి అందదు, కళ్లు తిరిగి పడిపోతుంది. మళ్లీ లేస్తుంది. లేవగానే అది చేసే మొదటి పని ఏమిటి? అన్నీ బాగున్నాయా లేదా అని పరీక్షకు ఒక్క దెబ్బ కొట్టి చూడటం! అది కూడా వీడు నేర్పిందే. ఆ ఒక్క దెబ్బకు మళ్లీ పడిపోతుంది. మళ్లీ లేస్తుంది. మళ్లీ కొడుతుంది. పడి లేవడానికి పట్టే ఆ కాస్త వ్యవధి, ఊరి చావుగంటకు ఉన్న వ్యవధీ ఒక్కటే అయి కూర్చున్నాయి.

వెంటనే ఫోన్లోంచి 'ఆపు' అని మెసేజ్ పెట్టాడు. అటునుంచి హెప్సిబా ఫోన్లో గంట ఠంగుమంది. మళ్లీ పెట్టాడు. మళ్లీ ఠంగుమంది. మెసేజ్ పెట్టె దాకా పోతోంది గాని చిప్పు చెవిన పడటం లేదు. ఎందుకు పడటం లేదో కూడా వాడికి తెలుసు. మొదటిసారి చిప్పు పడిపోయింది, టైము చెప్పే బుల్లి చిప్పుతో మాట్లాడుతుండగానే. అది సగం చెప్పిన జవాబు నోట్లో పెట్టుకుని, మిగతా సగం ఎప్పుడు అడుగుతారా అని ఆ తీగల బాటను పట్టుకుని కూర్చుంది. మెసేజ్ ఆ బాటమీదే రావాలి. ఒక్కడు బాటకు అడ్డం పడుకుంటే మిగిలినవాళ్లంతా నిలబడటమే. ఈ మాట ఎక్కడో విన్నట్టుందే అనుకుని, అన్నది తానేనని గుర్తొచ్చి తల పట్టుకున్నాడు.

"అవ్వా," అన్నాడు, "మగ్దలేనమ్మ సావలేదు కావచ్చు."

అవ్వ వాడి తల నిమిరింది. "అట్లనే అనిపిస్తది బిడ్డా. మీ బాపు పోయినప్పుడు నాకు గూడ వారం దాక గట్లనే అనిపించింది."

"అది గాదు! గంట తప్పు కొడుతుంది!"

"తప్పేముంది బిడ్డా," అన్నాడు మేనమామ వేదాంతిలా. "గంట అందరికి కొట్టేదే. ఇయ్యాల ఆమెకు, రేపు మనకు. జర నీళ్లు తాగు." డ్రైవరు కూడా అద్దంలోంచి జాలిగా చూసి ఏసీ పెంచాడు.

స్టీఫెన్ నోరు మూసుకున్నాడు. మూసుకోవడానికి ఇంకో కారణం కూడా ఉంది. గంట అబద్ధమే. మరి ముసలమ్మ ఎక్కడ? మంచంమీద లేదు, దవాఖానలో లేదు. ఆయాసంతో ఉన్న మనిషి, ఇంట్లో ఒక్కతే. తన గంట విని ఎక్కడైనా గుండె ఆగి పడిపోయి ఉంటే? అప్పుడు పెళ్లి ఆగడం కాదు, ఆ ఇంటి గడప తొక్కడానికి కూడా మొహం ఉండదు. గోదావరి వంతెన దాటుతుంటే వాడు నిజంగా ప్రార్థన చేశాడు. చదువుకునే రోజుల్లో సప్లిమెంటరీ పరీక్షకు కూడా అంత గట్టిగా చెయ్యలేదు.

బెల్లంపల్లిలో సమ్మయ్య ఉండే వీధి, చర్చి ఉండే వీధి ఒకటే. కార్లు మలుపు తిరిగాయి. సమ్మయ్య ఇంటిముందు టెంట్ హౌస్ కైలాసం తెల్ల టెంటు వేయించాడు. కుర్చీలన్నీ నిండి, జనం గోడలమీద, అరుగులమీద కూర్చున్నారు. దూరంనుంచి వచ్చినవాళ్లు ఆకలితో ఉంటారని పక్కింటి ముందు పెద్ద గంజులో అన్నం ఉడుకుతోంది. మగ్దలేనమ్మ మంచాన్ని బయటికి తెచ్చి, శవపెట్టె చేసే వడ్లాయన టేపుతో కొలుస్తూ, "ముసలామె గింత పొడుగుండెనా?" అని అడుగుతున్నాడు. మార్చురీ దగ్గర నుంచి వట్టి చేతులతో తిరిగొచ్చిన సమ్మయ్య టెంటు గుంజకు ఆనుకుని నేలమీద కూర్చుని ఉన్నాడు. అన్నిటికంటే పైన, ఠంగ్!

స్టీఫెన్ ఎవరి మొహమూ చూడకుండా చర్చివైపు పరుగెత్తాడు. ఒళ్లో ఉన్న పూలచక్రం చేతిలోనే ఉండిపోయింది. ఎంత దుఃఖమో చూడండి, నేరుగా దేవుడి దగ్గరికే పోతున్నాడని ఎవరో అన్నారు. చెవుల్లో దూది పెట్టుకున్న వెస్లీ పాస్టరు గోపురం మెట్ల దగ్గర ఎదురై, వాణ్ని చూడగానే చేతులు పైకెత్తి దేవుణ్ని స్తుతించాడు.

పైకెక్కి తాళం తీసేటప్పుడు గంట ఇంకోసారి మోగింది. అంత దగ్గర్నుంచి వింటే పళ్లు కూడా మోగాయి. పెట్టె తెరిచి చూశాడు. పచ్చలైటు వెలిగింది, సుత్తి కదిలింది, లైటు ఆరింది. కాసేపటికి మళ్లీ వెలిగింది, పాపం, మళ్లీ ఏమీ ఎరగనట్టు మొదటి నుంచి. స్టీఫెన్ కసిదీరా బ్యాటరీ తీగ పీకేశాడు.

కిందికి దిగి జరిగిందంతా పాస్టరుకు చెప్పాడు. పాస్టరు చెవుల్లో దూది తీసి విని, మళ్లీ ఒకసారి చెప్పించుకున్నాడు.

"అంటే, గంట కొట్టినప్పుడల్లా దానికి మూర్ఛ వస్తుందన్నట్టు."

"అవునయ్యగారూ."

"మూర్ఛలకెళ్లి లేసినప్పుడల్లా గంట కొడుతుందన్నట్టు."

"అవునయ్యగారూ."

"ఈ ముచ్చట సమ్మయ్యకు నువ్వు చెప్తవా, నేను చెప్పాల్నా?" అని పాస్టరు అడిగి, జవాబు కోసం ఆగకుండా, "నువ్వే చెప్పు నాయనా, నాకు షుగర్ ఉంది," అన్నాడు.

గంట ఆగడం టెంటు కింద ఇంకో అర్థం తెచ్చింది. పొద్దుట్నుంచి మోగిన గంట ఆగిందంటే శవం వచ్చిందన్నమాటే అనుకుని జనమంతా ఒక్కసారి లేచి నిలబడ్డారు. ఎవరో పాట ఎత్తుకున్నారు. స్టీఫెన్, పాస్టరు అక్కడికి చేరుకోవడం, అటునుంచి ఒక ఆటో వచ్చి టెంటు ముందు ఆగడం ఒకేసారి జరిగాయి. ఆటోలోంచి ముందు ఒక చేతికర్ర, తరువాత ఒక పాటల పుస్తకం, ఆ తరువాత ఆయాసపడుతూ మగ్దలేనమ్మ దిగింది.

పాట నడుమలోనే తెగిపోయింది. వడ్లాయన చేతిలో టేపు సర్రున చుట్టుకుంది.

మగ్దలేనమ్మ ఎవరినీ చూడలేదు. తన ఇంటిముందు టెంటు చూసింది. బయటేసిన మంచం చూసింది. కొడుకు లేచి ఎదురు రాకపోవడం చూసింది. కర్ర వదిలేసి రెండు చేతులతో గుండెలు బాదుకుంది. "ఓ సమ్మయ్యా! నా కొడుకా! నన్నిడిసిపెట్టి పోయినవా బిడ్డా! పొద్దుగాల మటన్ తెస్తనని పోతివి గద కొడుకా!"

గుంజ దగ్గర సమ్మయ్య తలెత్తాడు. "అవ్వా!" అని అరిచాడు. లేవబోయి పడ్డాడు, పడి మళ్లీ లేచాడు. ఒకరినొకరు పట్టుకుని, చచ్చిపోయావనుకున్నానంటే చచ్చిపోయావనుకున్నానని తల్లీకొడుకులిద్దరూ ఏడుస్తుంటే, అప్పటిదాకా మర్యాదకు ఏడ్చినవాళ్లు కూడా నిజంగా ఏడ్చారు. స్టీఫెన్ అయితే అందరికంటే గట్టిగా ఏడ్చాడు. ప్రాణం లేచొచ్చిన ఏడుపు అది.

"యాడికి పోయినవవ్వా?" అన్నాడు సమ్మయ్య చివరికి.

"యాడికి పోతరు? గంట ఇని సావింటికి పోయిన," అంది మగ్దలేనమ్మ ముక్కు చీదుకుంటూ. ఊళ్లో ఎవరు పోయినా ఆ ఇంట్లో మొదటి పాట ఎత్తుకునేది ఆమే. నలభై ఏళ్లుగా ఒక్కటీ తప్పలేదు, ఆయాసముందని ఇది మాత్రం తప్పుతుందా? "పోశవ్వ అనుకొని పోశవ్వ ఇంటికి పోయిన. అది ఎల్లిగడ్డ పొట్టు తీస్తుంది. సక్కుబాయి కావచ్చునని గాడికి పోయిన. అది తానం జేస్తుంది. గంగుబాయి ఇంటికి గూడ పోయిన. ఊర్లె మంచాన పడ్డోళ్లందరిని సూసచ్చిన, ఒక్కతి సావలే! ఆటో ఎక్కి ఎక్కి నడుములు విరిగినయ్. ఇంతకు సచ్చిందెవలు?"

అందరూ సమ్మయ్యను చూశారు. సమ్మయ్య పాస్టరును చూశాడు. పాస్టరు స్టీఫెన్‌ను చూశాడు. స్టీఫెన్ తన చేతిలో ఉన్న పూలచక్రాన్ని చూసుకుని దాన్ని వెనక్కి దాచుకున్నాడు.

ఉన్నదున్నట్టు చెప్పాడు. మోటారు సంగతి, తీగ సంగతి, మూర్ఛ సంగతి. జనానికి ఏం అర్థమైందో ఏమో గాని సమ్మయ్యకు మాత్రం బాగానే అర్థమైంది. కళ్లు తుడుచుకుంటూనే కళ్లెర్రజేశాడు.

"మా అవ్వను సంపినవ్. సంపి వాట్సాప్‌ల పెట్టినవ్. నన్ను మార్చురీల తిప్పినవ్. ఒక్క గంట సక్కగ కొట్టిచ్చుడు చాతగానోడివి, నా బిడ్డనేం సాదుతవ్ నువ్వు? గురువారం లేదు, ఏ వారం లేదు. మీ పూలు మీరు తీస్కోని పోండ్రి!"

స్టీఫెన్ అవ్వ నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. స్టీఫెన్ హెప్సిబా వైపు చూశాడు. హెప్సిబా తెల్లచీరలో, వాచిన కళ్లతో వాణ్నే చూస్తోంది. ఏడాదిగా ఆ చావు రాకూడదని భయపడి చస్తే, చావు రాకుండానే పెళ్లి ఆగిపోయింది.

మగ్దలేనమ్మ కుర్చీ లాక్కుని కూర్చుంది. చాయ్ అడిగింది. తాగుతూ చుట్టూ చూసింది.

"గింతమంది నా కోసమే అచ్చిండ్రా?"

"నీకోసమే అవ్వా," అన్నారు ఎవరో.

"కరీంనగరోళ్లు గూడనా?" స్టీఫెన్ అవ్వ తలూపింది. "పాస్టరయ్యా, ఇయ్యాల మూడో ప్రకటన చదివినవా మరి?"

"యాడ చదువుదునమ్మా? పాట షురూ కాకముందే గంట ఇని అందరు లేసి మీ ఇంటికే వచ్చిరి. చర్చిల నేను, ఇంక ఫ్యాన్లు మిగిలినం. ఫ్యాన్లు గూడ తిరుగుతలేవు."

"చర్చి మనుషులందరు గీడనే ఉన్నరు గద. గీడ చదువు."

"అవ్వా, నేను అసలు పెండ్లే వద్దంటున్న!" అన్నాడు సమ్మయ్య.

"అభ్యంతరమా? అయ్య అడిగినప్పుడు చెప్పాలె. ఇప్పుడు గాదు. కూసో."

వెస్లీ పాస్టరు తడబడుతూ లేచాడు. టెంటు కింద, కొలిచిన మంచం పక్కన నిలబడి, కరీంనగర్ సంఘస్థుడైన స్టీఫెన్‌కు, బెల్లంపల్లి సంఘస్థురాలైన హెప్సిబాకు వివాహం జరగనున్నదనీ, ఇది మూడవ, చివరి ప్రకటన అనీ చదివాడు. ఎవరికైనా అభ్యంతరం ఉంటే ఇప్పుడే చెప్పండి అన్నాడు. ఊరంతా ఊపిరి బిగబట్టింది. సమ్మయ్య లేచాడు, నోరు తెరిచాడు.

"సమ్మయ్యా," అంది మగ్దలేనమ్మ, కేక వెయ్యకుండా. "నాకు ఎనభై దాటినయి. ఆటో ఎక్కితే ఆయాసం, దిగితే ఆయాసం. గురువారం దాక ఉంటనో ఉండనో ఆ దేవునికెరుక. నేను పోతే నువ్వు మళ్ల ఏడాది ఆపుతవ్. ఇయ్యాల నన్ను నిజంగ సచ్చిందనుకున్నవ్ గద, ఎట్లుండె నీకు? నా మనుమరాలి పెండ్లి సూడకుంట నేను పోయిననుకుంటే ఎట్లుండె? ఇయ్యాల బతికున్న. సుట్టాలందరు ఉన్నరు. టెంటుంది, బువ్వ ఉడుకుతుంది, అయ్య ఉన్నడు. ఇయ్యాలనే పెండ్లి చేసెటందుకు ఇంకేం తక్కువైందిరా నీకు?"

సమ్మయ్య తెరిచిన నోరు అట్లాగే ఉంది. కళ్లలోంచి నీళ్లు వచ్చాయి. కాసేపటికి నోరు మూసుకుని కూర్చున్నాడు.

"అభ్యంతరం లేదు గద మామా?" అని స్టీఫెన్ అడగబోయాడు. మేనమామ వాడి కాలు తొక్కాడు.

"నాకు లేదు," అంది హెప్సిబా. ఆమెను ఎవరూ అడగలేదు. జనంలో మొదటి నవ్వు అప్పుడు పుట్టింది. మూడు ప్రకటనలూ అయ్యాక పెళ్లి గురువారమే చెయ్యాలన్న నియమమేమీ లేదని పాస్టరు కాస్త ఆలోచించి ఒప్పుకున్నాడు.

తరువాత ఎవరు ఏ పని చేశారో ఎవరికీ సరిగా గుర్తులేదు. ఆడవాళ్లు చట్రాలమీంచి పూలన్నీ ఊడదీసి దండలు గుచ్చారు. కైలాసం తెల్ల టెంటు అంచులకు ఎర్ర పరదాలు తెచ్చి కట్టించాడు. పెళ్లికూతురు తెల్లచీరలోనే ఉంది కనక చీర మార్చే పని లేకపోయింది. సమ్మయ్య పొద్దున బజారులో కొని మరిచిపోయిన మటన్‌ను కొట్టువాడే తెచ్చిచ్చాడు. స్టీఫెన్ ఈ సందడి నడుమ నిలబడి, పెళ్లికొడుకు ఎవరన్నట్టు చూస్తున్నాడు. చావుకని వచ్చి పెళ్లికొడుకైనవాడి మొహం ఎట్లా ఉంటుందో అట్లా ఉంది. పెళ్లిగంట కొట్టాలి కదా, ఆ తీగ ఒక్కటి వేరే వేస్తే చాలని వాడు చర్చివైపు రెండడుగులు వేశాడో లేదో, ఊరంతా ఒక్క గొంతుతో "వద్దు!" అని అరిచింది.

"తాడు తేండ్రిరా," అన్నాడు సమ్మయ్య చొక్కా చేతులు మడుచుకుంటూ. గబగబా, గట్టిగా, చేతులు పొక్కేదాకా ఆయనే లాగాడు.

ఆ పెళ్లి ఫొటోల్లో అందరి కళ్లూ ఏడ్చి ఏడ్చి వాచి ఉంటాయి, పళ్లన్నీ కనిపించేట్టు నవ్వుతున్నది ఒక్క ముసలమ్మే.